ఒకే మార్కెట్టు - రాష్ట్రాల పారిశ్రామిక పోటీ
(నందిని గనులు, భిలాయి ఉక్కు కర్మాగారం ఆధారంగా ఒక పరిశీలన)

1. పరిచయం

పరిశ్రమలు ఎక్కడ వెలుస్తాయో నిర్ణయించే అంశాలను మీరు ఇదివరకటి పాఠంలో తెలుసుకున్నారు. ముడి పదార్థాలు, విద్యుచ్ఛక్తి, కార్మికులు, రవాణా సౌకర్యాలు, మార్కెట్టు దగ్గరగా ఉన్నచోట పరిశ్రమలు వృద్ధి చెందుతాయని చదివారు. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఇనుప ఖనిజం, సున్నపురాయి, బొగ్గు సమృద్ధిగా ఉన్న మధ్య, తూర్పు భారత ప్రాంతాలు ఉక్కును తయారు చేశాయి. కాని ఆ ఉక్కుతో యంత్రాలు, మోటారు వాహనాలు తయారుచేసే పరిశ్రమలు ఎక్కువగా పడమటి, దక్షిణ రాష్ట్రాలలో పెరిగాయి. ఇలా ఎందుకు జరిగింది?

దీనికి జవాబు ప్రకృతి వనరులలోనే కాదు, ప్రభుత్వ విధానాలలో కూడా ఉంది. దేశం మొత్తాన్ని ఒకే మార్కెట్టుగా చేయడానికి ప్రభుత్వం ఏ పద్ధతిని ఎంచుకుంటుందో, దానినిబట్టి ఏ ప్రాంతం లాభపడుతుందో, ఏ ప్రాంతం నష్టపోతుందో తేలుతుంది. ఈ విషయాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, దాని సమీపంలోని నందిని గనుల ఉదాహరణతో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఏకీకృత దేశీయ మార్కెట్టు అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
- రవాణా వ్యయ సమానీకరణ విధానాన్ని లెక్కతో సహా వివరించగలుగుతారు.
- రాష్ట్రాల మధ్య పారిశ్రామిక పోటీ ఏయే రూపాలు తీసుకున్నదో గుర్తించగలుగుతారు.
- వస్తు సేవల పన్ను వలన ఆ పోటీలో వచ్చిన మార్పును తెలుపగలుగుతారు.
- ఖనిజ సంపద గల ప్రాంతాల సమస్యపై మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో చెప్పగలుగుతారు.

3. ఏకీకృత దేశీయ మార్కెట్టు అంటే ఏమిటి?

ఒక దేశంలో ఒకచోట తయారైన వస్తువును మరోచోట అడ్డంకులు లేకుండా అమ్ముకోగలిగితే, ఆ దేశ మార్కెట్టు ఏకీకృతమైనదని అంటాము. ఇందుకు మూడు అవసరం. ఒకటి, రైళ్లు, రోడ్లు వంటి రవాణా సౌకర్యాలు. రెండు, సరిహద్దుల వద్ద సుంకాలు, నిషేధాలు లేకపోవడం. మూడు, బయటి నుంచి వచ్చిన సరుకుకు, స్థానిక సరుకుకు ఒకే విధమైన పన్ను.

మన రాజ్యాంగం ఈ విషయాన్ని గుర్తించింది. భారతదేశమంతటా వర్తకం, వాణిజ్యం స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణం చెబుతుంది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే సరుకుపై రాష్ట్రం పన్ను వేయవచ్చు. అయితే తన రాష్ట్రంలో తయారైన అదే రకం సరుకుపై వేసే పన్నుకన్న ఎక్కువ వేయకూడదని 304వ అధికరణం నియమం పెట్టింది.

కాని వస్తువులు స్వేచ్ఛగా కదిలినంత మాత్రాన అన్ని ప్రాంతాలూ సమానంగా ఎదగవు. ప్రతి రాష్ట్రమూ తన ప్రజలకు ఉపాధి, తన ఖజానాకు రాబడి కావాలని కోరుకుంటుంది. అందుచేత పరిశ్రమ తన దగ్గరకే రావాలని ప్రయత్నిస్తుంది. ఒకే మార్కెట్టు, పలు రాష్ట్రాలు - ఈ రెండింటి మధ్య ఉన్న ఒత్తిడే ఈ పాఠానికి ముఖ్య విషయం.

4. నందిని సున్నపురాయి - భిలాయి ఉక్కు

భిలాయి దుర్గ్ జిల్లాలో, ముంబాయి - హౌరా ప్రధాన రైలు మార్గంపై ఉంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో ఉండేది. భారత ప్రభుత్వం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని ఇక్కడ ఉక్కు కర్మాగారాన్ని నిర్మించింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అదే కాలంలో ఒరిస్సాలోని రూర్కెలాలో జర్మన్ సహాయంతో, పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్‌లో బ్రిటిష్ సహాయంతో మరో రెండు కర్మాగారాలు వచ్చాయి.

భిలాయిని ఎందుకు ఎంచుకున్నారు? ఒక టన్ను ఇనుమును కరిగించి తీయడానికి సుమారు ఒకటిన్నర టన్నులకు పైగా ఇనుప ఖనిజం కావాలి. దానికి తోడు బొగ్గు, సున్నపురాయి, డోలమైటు కావాలి. అంటే కర్మాగారంలోకి వెళ్లే సరుకు బరువు, బయటకు వచ్చే ఉక్కు బరువుకన్న చాలా ఎక్కువ. ఇలాంటి పరిశ్రమను ముడి పదార్థాల దగ్గర పెట్టడమే లాభం. భిలాయికి దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో దల్లీ - రాజహరా ఇనుప గనులు ఉన్నాయి. ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల దూరంలో నందిని సున్నపురాయి గనులు ఉన్నాయి. డోలమైటు బిలాస్‌పూర్ వైపునున్న హిర్రీ గనుల నుంచి వస్తుంది. బొగ్గును మాత్రం దూరం నుంచి తెచ్చుకోవాలి.

సున్నపురాయి పని ఏమిటి? ఇనుప ఖనిజంలో ఇసుక, మట్టి వంటి మలినాలు ఉంటాయి. కొలిమి వేడిలో సున్నపురాయి ఆ మలినాలతో కలిసి చిట్టెంగా మారుతుంది. చిట్టెం తేలికగా ఉంటుంది కనుక ఇనుముపై తేలుతుంది. దానిని వేరుచేస్తారు. ఆ చిట్టెం కూడా వృథా పోదు. భిలాయి పక్కనే ఉన్న జాముల్ సిమెంటు కర్మాగారం వంటివి దానిని సిమెంటు తయారీలో వాడుతున్నాయి.

నందినిలో గని తవ్వకంతోపాటు కార్మికుల నివాసాలు ఏర్పడ్డాయి. భిలాయికి దేశం నలుమూలల నుంచి కార్మికులు వచ్చారు. వారిలో తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. ఇక్కడ తయారైన పట్టాలు దేశమంతటా రైలు మార్గాలకు వెళ్లాయి. ఆ రైలు మార్గాలే దేశాన్ని ఒకే మార్కెట్టుగా కలిపాయి. ఆ విధంగా నందిని రాయి కూడా ఈ ఏకీకరణలో భాగం పంచుకున్నది. మరి ఆ ఏకీకరణ ఫలితంలో నందిని ప్రాంతానికి ఎంత భాగం దక్కింది?

పాఠ్యగత ప్రశ్నలు - 1
అ) ఉక్కు కర్మాగారాన్ని ముడి పదార్థాల దగ్గర ఎందుకు స్థాపిస్తారు?
ఆ) ఖాళీని పూరించండి: నందిని గనులలో దొరికే ఖనిజం ________.
ఇ) రాజ్యాంగంలోని 301వ అధికరణం ఏమి చెబుతుంది?

5. రవాణా వ్యయ సమానీకరణ విధానం

సాధారణంగా ఒక వస్తువు తయారైనచోట చౌకగా, దూరం పోయినకొద్దీ ఖరీదుగా ఉంటుంది. ఎందుకంటే దూరం పెరిగితే రవాణా ఖర్చు పెరుగుతుంది. 1956లో కేంద్ర ప్రభుత్వం ఉక్కు విషయంలో ఈ తేడాను తీసివేసింది. దేశంలో ఏ రైల్వే స్టేషనులో కొన్నా ఒకే ధర ఉండేటట్లు ఏర్పాటు చేసింది. కొనుగోలుదారులందరి నుంచి సగటు రవాణా ఖర్చును సమానంగా వసూలు చేసి, అసలు రవాణా ఖర్చును ఆ నిధి నుంచి చెల్లించేవారు. దీనినే రవాణా వ్యయ సమానీకరణ విధానం అంటారు. సిమెంటు, రసాయనిక ఎరువుల విషయంలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉండేది.

ఈ విధానాన్ని ఒక లెక్క ద్వారా అర్థం చేసుకుందాం. ఇందులోని అంకెలు కేవలం ఉదాహరణ కోసం తీసుకున్నవి.

ఒక టన్ను ఉక్కు ధర భిలాయి కర్మాగారం గేటు వద్ద 1000 రూపాయలు అనుకుందాం. దుర్గ్‌లోని వర్క్‌షాపుకు రవాణా ఖర్చు 20 రూపాయలు. ముంబాయిలోని వర్క్‌షాపుకు 180 రూపాయలు. రెండు చోట్లా ఒకే మోతాదులో ఉక్కు అమ్ముడవుతుందని అనుకుందాం.

సమానీకరణ లేనప్పుడు:
దుర్గ్‌లో ధర: 1000 + 20 = 1020 రూపాయలు
ముంబాయిలో ధర: 1000 + 180 = 1180 రూపాయలు
దుర్గ్ వర్క్‌షాపుకు ఉన్న అనుకూలత: 160 రూపాయలు

సమానీకరణ ఉన్నప్పుడు:
సగటు రవాణా ఖర్చు: (20 + 180) ÷ 2 = 100 రూపాయలు
దుర్గ్‌లో ధర: 1000 + 100 = 1100 రూపాయలు
ముంబాయిలో ధర: 1000 + 100 = 1100 రూపాయలు
దుర్గ్ వర్క్‌షాపుకు ఉన్న అనుకూలత: సున్న

గమనించండి. దుర్గ్ వర్క్‌షాపు యజమాని టన్నుకు 80 రూపాయలు ఎక్కువ చెల్లిస్తున్నాడు. ముంబాయి యజమాని 80 రూపాయలు తక్కువ చెల్లిస్తున్నాడు. అంటే ముంబాయికి ఉక్కు చేరడానికి అయ్యే ఖర్చులో కొంత భాగాన్ని దుర్గ్ కొనుగోలుదారు భరిస్తున్నాడన్నమాట. పైగా ముంబాయిలో రేవు ఉంది, బ్యాంకులు ఉన్నాయి, కొనేవారు ఎక్కువ. ఉక్కు ధర కూడా సమానమైనప్పుడు కొత్త యంత్ర పరిశ్రమ ఎక్కడికి వెళుతుంది? సహజంగానే ముంబాయి వైపు మొగ్గుతుంది.

6. ఈ విధానం మంచిదా, చెడ్డదా?

ఈ విధానాన్ని ప్రవేశపెట్టిన వారి ఉద్దేశం చెడ్డది కాదు. ఖనిజాలు లేని ప్రాంతాల ప్రజలకు కూడా పరిశ్రమలు కావాలి. పంజాబు రైతుకు నాగలి కర్రు, తమిళనాడు కార్మికునికి యంత్రపు పని దొరకాలంటే ఉక్కు అందుబాటు ధరకు రావాలి. దేశం ఒక్కటే అయినప్పుడు ధర కూడా ఒక్కటే ఉండాలని వారు భావించారు.

విమర్శకులు రెండు అభ్యంతరాలు తెలిపారు. మొదటిది, సమానత్వం ఒకవైపే అమలయింది. బీహారు, పశ్చిమ బెంగాల్, ఒరిస్సా, మధ్యప్రదేశ్ ఉక్కును అందరికీ ఒకే ధరకు ఇచ్చాయి. కాని మహారాష్ట్ర, గుజరాత్‌లలో పండే పత్తికి ఇలాంటి సమానీకరణ లేదు. రెండవది, గని వలన వచ్చే దుమ్ము, గుంతలు, భూములు కోల్పోవడం స్థానిక ప్రజలకు మిగిలాయి. ఖనిజం దగ్గర ఉన్నందువలన కలగవలసిన అనుకూలత మాత్రం వారికి దక్కలేదు.

మన రాష్ట్రం సంగతి ఏమిటి? ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ఆ రోజులలో ఆంధ్రప్రదేశ్‌లో భిలాయి వంటి పెద్ద ఉక్కు కర్మాగారం లేదు. కనుక ఉక్కు కొనుగోలుదారుగా ఆంధ్రప్రదేశ్ లాభపడే పక్షాన ఉంది. కాని సిమెంటు విషయంలో పరిస్థితి తారుమారు. మాచర్ల, మంచిర్యాల, తాడేపల్లి వంటి చోట్ల సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు ఉండేవి. సిమెంటుకు దేశమంతటా ఒకే ధర పెట్టినప్పుడు మన రాష్ట్రం నందిని ప్రాంతపు స్థానంలో నిలబడింది. ఒకే నియమం ఒకే రాష్ట్రానికి ఒక సరుకులో మేలు, మరో సరుకులో నష్టం చేయగలదు. కాబట్టి ఒక విధానాన్ని అంచనా వేసేటప్పుడు “ఏ వస్తువుకు? ఎవరు అమ్ముతున్నారు? ఎవరు కొంటున్నారు?” అని అడగాలి.

సిమెంటుపై నియంత్రణ 1989లో పూర్తిగా తొలగిపోయింది. ఉక్కుపై ధరల నియంత్రణను, రవాణా వ్యయ సమానీకరణను 1992 జనవరిలో ఎత్తివేశారు. అయితే అప్పటికి మూడున్నర దశాబ్దాలు గడిచాయి. ఒకసారి పరిశ్రమలు, నిపుణులు, విడిభాగాల తయారీదారులు ఒకచోట కుదురుకున్న తరువాత, నియమం మారినంత మాత్రాన వెంటనే తరలిరారు. ఖనిజ ప్రాంతాల వెనుకబాటుకు ఈ ఒక్క విధానమే కారణమని చెప్పడం కూడా సరికాదు. విద్యుత్తు కొరత, బ్యాంకు రుణాల లేమి, విద్యా సౌకర్యాల తక్కువతనం కూడా కారణాలే.

పాఠ్యగత ప్రశ్నలు - 2
అ) పై లెక్కలో ముంబాయికి రవాణా ఖర్చు 260 రూపాయలు అయితే, సమానీకరణ తరువాత దుర్గ్‌లో ధర ఎంత?
ఆ) సరియైనదో కాదో చెప్పండి: ఉక్కుపై రవాణా వ్యయ సమానీకరణ 1992లో ముగిసింది.
ఇ) సిమెంటు విషయంలో ఆంధ్రప్రదేశ్‌ను నందిని ప్రాంతంతో ఎందుకు పోల్చాము?

7. పోటీలో మొదటి రూపం: కర్మాగారం మాకే కావాలి

1991కి ముందు పెద్ద పరిశ్రమకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. ఉక్కు కర్మాగారం ఎక్కడ పెట్టాలో కేంద్రమే నిర్ణయించేది. అందువలన రాష్ట్రాల మధ్య పోటీ ఢిల్లీలో జరిగేది. ఇందుకు మనకు బాగా తెలిసిన ఉదాహరణ విశాఖ ఉక్కు.

ఐదవ ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనుకూలమని 1965లో ఆంగ్లో - అమెరికన్ నిపుణుల బృందం సిఫారసు చేసింది. ఇతర రాష్ట్రాలూ తమకే కావాలని కోరాయి. నిర్ణయం ఆలస్యమైంది. 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్ష చేపట్టారు. “విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు” అనే నినాదం రాష్ట్రమంతటా మారుమోగింది. ఆ ఉద్యమంలో పోలీసు కాల్పులలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖపట్నంతోపాటు తమిళనాడులోని సేలం, కర్ణాటకలోని విజయనగర్‌లలో కూడా కర్మాగారాలు పెడతామని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

విశాఖ కర్మాగారానికి సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి, డోలమైటు ఖమ్మం జిల్లాలోని మాదారం నుంచి వచ్చేటట్లు ఏర్పాటు చేశారు. భిలాయికి దల్లీ - రాజహరా ఉన్నట్లు విశాఖకు సొంత ఇనుప గని లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల నుంచి కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంపై ఖనిజం వస్తుంది. అంటే ఒక రాష్ట్రపు ఖనిజం మరో రాష్ట్రపు కొలిమిలో కరుగుతున్నది. ఇది ఏకీకృత మార్కెట్టు ఇచ్చిన సౌకర్యం. కాని బైలాడిలా చుట్టుపక్కల ప్రజలు “ఖనిజం మాది, కర్మాగారం వేరొకచోట” అని భావించడం కూడా సహజమే. బస్తర్ జిల్లాలోని నగర్నార్ వద్ద నిర్మించిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు.

8. పోటీలో రెండవ రూపం: పన్ను రాయితీలు

1991లో కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. చాలా పరిశ్రమలకు లైసెన్సు అవసరం లేకుండా పోయింది. పెట్టుబడిదారు ఏ రాష్ట్రానికైనా వెళ్లవచ్చు. దానితో పోటీ రాష్ట్ర రాజధానులకు మారింది. ప్రతి రాష్ట్రమూ అమ్మకం పన్ను మినహాయింపు, పన్ను చెల్లింపు వాయిదా, చౌక భూమి, తక్కువ ధరకు విద్యుత్తు ఇస్తామని ముందుకు వచ్చింది.

ఈ పోటీలో ఒక చిక్కు ఉంది. ఒక రాష్ట్రం పన్ను తగ్గిస్తే పరిశ్రమ అక్కడికి వస్తుంది. పక్క రాష్ట్రం కూడా అంతే తగ్గిస్తే ఆ అనుకూలత పోతుంది. చివరికి ఇద్దరి ఖజానాలూ ఖాళీ అవుతాయి. పరిశ్రమల సంఖ్య మాత్రం దేశం మొత్తం మీద అంతే ఉంటుంది. ఇది గ్రహించి, 1999 నవంబరులో జరిగిన సమావేశంలో రాష్ట్రాలు కనీస అమ్మకం పన్ను రేట్లు పాటించాలని, పరిశ్రమలకు కొత్తగా అమ్మకం పన్ను రాయితీలు ఇవ్వరాదని నిర్ణయించాయి. 2000 జనవరి 1 నుంచి ఇది అమలుకు రావాలి.

కేంద్రం కూడా కొన్ని ప్రాంతాలకు ప్రత్యేక రాయితీలు ఇచ్చింది. 2003లో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాంచల్‌లకు ఎక్సైజు సుంకం మినహాయింపు ప్రకటించింది. కొండ ప్రాంతాలకు పరిశ్రమలు తీసుకుపోవడమే దీని ఉద్దేశం. హిమాచల్‌లోని బద్ది పట్టణం మందుల తయారీ కేంద్రంగా ఎదిగింది. తమ పరిశ్రమలు తరలిపోతున్నాయని పొరుగు రాష్ట్రాలు ఫిర్యాదు చేశాయి.

రాయితీలన్నీ వృథా అని అనుకోరాదు. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కియా మోటార్స్‌తో ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం కరవు ప్రాంతమైన అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ వద్ద వెలసింది. 2019లో ఉత్పత్తి మొదలయింది. భూమి, నీరు, రోడ్డు వంటి సౌకర్యాలు ఆ తరువాత ఇతర పరిశ్రమలకూ పనికివస్తాయి. పన్ను రాయితీ మాత్రం ఇచ్చిన సంస్థకే పరిమితం. ఈ తేడాను గుర్తుంచుకోండి.

9. వస్తు సేవల పన్ను తెచ్చిన మార్పు

1956 నాటి కేంద్ర అమ్మకం పన్ను చట్టం ప్రకారం, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మిన సరుకుపై పన్నును సరుకు బయలుదేరిన రాష్ట్రమే వసూలు చేసి ఉంచుకునేది. 1975 నుంచి దీని రేటు 4 శాతం. 2007లో 3 శాతానికి, 2008లో 2 శాతానికి తగ్గించారు. ఇది ఒక విధంగా అంతర్గత సుంకం వంటిది. దీనికితోడు ప్రవేశ పన్ను, సరిహద్దు చెక్‌పోస్టులు ఉండేవి. లారీలు గంటల తరబడి ఆగవలసి వచ్చేది.

అమ్మకం పన్ను స్థానంలో విలువ ఆధారిత పన్ను ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఏప్రిల్ 1న, ఛత్తీస్‌గఢ్‌లో 2006 ఏప్రిల్ 1న వచ్చింది. 2017 జూలై 1న దేశమంతటా వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చింది. కేంద్ర అమ్మకం పన్ను, ప్రవేశ పన్ను చాలా వస్తువులపై పోయాయి. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు.

ఇందులో ముఖ్యమైన మార్పు ఇది: పన్నులో రాష్ట్రం వాటా సరుకును తయారుచేసిన రాష్ట్రానికి కాక, వాడుకునే రాష్ట్రానికి వెళుతుంది. భిలాయి ఉక్కును ఆంధ్రప్రదేశ్‌లో వాడితే ఆ వాటా ఆంధ్రప్రదేశ్‌కు చేరుతుంది. దీనివలన రాష్ట్రాలు పన్ను వదులుకుని పరిశ్రమను ఆకర్షించే అవకాశం తగ్గింది. బయటి రాష్ట్రాలకు అమ్మిన సరుకుపై తనకు రాని పన్నును తిరిగి ఇస్తామని ఏ రాష్ట్రమూ చెప్పలేదు గదా!

కాని తయారీ ఎక్కువ, వాడకం తక్కువ గల రాష్ట్రాలకు రాబడి భయం పట్టుకుంది. అందుకే ఏటా 14 శాతం వృద్ధి లెక్కన ఐదేళ్లపాటు నష్టపరిహారం ఇస్తామని కేంద్రం ఒప్పుకుంది. ఆ గడువు 2022 జూన్‌తో ముగిసింది. దానిని పొడిగించాలని ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాలు కోరాయి. పాత ప్రశ్నే కొత్త రూపంలో మళ్లీ వచ్చిందని మీరు గ్రహించి ఉంటారు.

10. ఇతర దేశాల అనుభవం

ఈ సమస్య మనకు మాత్రమే లేదు. చైనాలో 1980 తరువాత రాష్ట్రాలకు ఆర్థిక అధికారాలు పెరిగాయి. అక్కడి ప్రభుత్వాలు తమ కర్మాగారాలను కాపాడుకోవడానికి బయటి సరుకుకు అడ్డంకులు పెట్టాయి. తమ ప్రాంతంలో తయారైన కార్లకే అనుకూలమైన నియమాలు చేసిన నగరాలూ ఉన్నాయి. చైనా ప్రభుత్వం 2022లో ఏకీకృత జాతీయ మార్కెట్టు కోసం మార్గదర్శకాలు ప్రకటించింది. స్థానిక విధానాలు పోటీకి భంగం కలిగిస్తున్నాయో లేదో ముందుగా పరిశీలించాలన్న నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఐరోపాలో 1957 నాటి రోమ్ ఒప్పందమే ఉమ్మడి మార్కెట్టుతోపాటు, పోటీని చెడగొట్టే ప్రభుత్వ రాయితీలపై అదుపు పెట్టింది. వెనుకబడిన ప్రాంతాలకు సహాయం చేయడానికి మాత్రం అందులో అవకాశం ఉంచారు.

11. ఖనిజ ప్రాంతానికి న్యాయం ఎలా?

ఖనిజం తవ్వినందుకు రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది. ఉక్కు పరిశ్రమకు కావలసిన ప్రధాన ఖనిజాలపై దాని రేటును 1957 నాటి గనుల చట్టం కింద కేంద్రమే నిర్ణయిస్తుంది. 2015లో ఈ చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పాటు చేశారు. పాత లీజులవారు రాయల్టీకి అదనంగా దానిలో 30 శాతం, వేలంలో లీజు పొందినవారు 10 శాతం ఈ నిధికి చెల్లించాలి. గని ప్రభావిత గ్రామాల తాగునీరు, వైద్యం, విద్య వంటి వాటికి దీనిని ఖర్చు చేయాలి.

2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ భూములపై, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని ఎనిమిది మంది తీర్మానించారు. జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే విభేదించారు. ఇలా చేస్తే రాబడి కోసం రాష్ట్రాల మధ్య అనారోగ్యకరమైన పోటీ వస్తుందని, ఖనిజాల ధర పెరిగి దేశమంతటా ప్రభావం పడుతుందని ఆమె హెచ్చరించారు.

రెండు వాదనలలోనూ బలం ఉంది. గని పక్కన ఉన్న ప్రజలకు వాటా దక్కాలన్నది న్యాయమైన కోరిక. ఖనిజంపై పన్ను పెరిగితే ఆ భారం చివరికి మన ఇంటి స్లాబులో వేసే ఇనుప చువ్వపై పడుతుందన్నదీ నిజమే.

12. మీరేమి నేర్చుకున్నారు?

- ఒకే మార్కెట్టు ఏర్పడితే రాష్ట్రాల పోటీ పోదు; దాని రూపం మారుతుంది. మొదట కేంద్ర నిర్ణయం కోసం, తరువాత పన్ను రాయితీలతో, ఇప్పుడు భూమి, నీరు, విద్యుత్తు, నైపుణ్యం వంటి సౌకర్యాలతో పోటీ సాగుతున్నది.
- సరుకు కదలికకు అడ్డు తీసివేయడం వేరు, దూరం వలన కలిగే సహజ అనుకూలతను తీసివేయడం వేరు. రవాణా వ్యయ సమానీకరణ రెండవ పని చేసింది. వస్తు సేవల పన్ను ప్రధానంగా మొదటి పని చేసింది.
- ప్రతి నియమం వలన ఎవరో ఒకరు నష్టపోతారు. ఆ నష్టాన్ని గుర్తించి పరిహారం ఇస్తేనే ఏకీకృత మార్కెట్టు నిలుస్తుంది.
- రాయితీలకన్న శాశ్వత సౌకర్యాలపై పోటీపడటం వలన ప్రజలకు ఎక్కువ మేలు జరుగుతుంది.

13. చేసి చూడండి

మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఇనుప సామాను లేదా సిమెంటు దుకాణానికి వెళ్లండి. ఒక సిమెంటు బస్తా ఏ ఊరిలో తయారైందో దానిపై చదవండి. రశీదులో రాష్ట్ర పన్ను, కేంద్ర పన్ను ఎంతెంత వేశారో రాసుకోండి. ఆ పన్నులో రాష్ట్ర వాటా ఏ రాష్ట్రానికి చేరుతుందో ఆలోచించి, మీ అధ్యయన కేంద్రంలో తోటి అభ్యాసకులతో చర్చించండి.

14. పాఠాంత ప్రశ్నలు

1. భిలాయిలో ఉక్కు కర్మాగారం స్థాపించడానికి అనుకూలించిన అంశాలు రాయండి.
2. రవాణా వ్యయ సమానీకరణ వలన కలిగిన లాభనష్టాలను వివరించండి.
3. పన్ను రాయితీల పోటీ వలన అన్ని రాష్ట్రాలూ ఎలా నష్టపోగలవు?
4. వస్తు సేవల పన్ను తయారీ రాష్ట్రాలకు ఎందుకు ఆందోళన కలిగించింది?
5. “ఖనిజం ఏ ప్రాంతంలో ఉంటే దాని ప్రయోజనం మొదట ఆ ప్రాంతానికే దక్కాలి.” ఈ వాక్యాన్ని మీరు అంగీకరిస్తారా? నందిని, బైలాడిలా, విశాఖ ఉదాహరణలు తీసుకుని పది వాక్యాలలో రాయండి.

15. పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. అ) లోపలికి వెళ్లే ముడి పదార్థాల బరువు, తయారైన ఉక్కు బరువుకన్న ఎక్కువ కనుక, రవాణా ఖర్చు తగ్గడానికి.
ఆ) సున్నపురాయి.
ఇ) దేశమంతటా వర్తకం, వాణిజ్యం స్వేచ్ఛగా సాగాలని.

2. అ) సగటు రవాణా ఖర్చు (20 + 260) ÷ 2 = 140; ధర 1140 రూపాయలు.
ఆ) సరియైనది.
ఇ) సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, దగ్గర ఉన్నందువలన కలగవలసిన ధర అనుకూలత సమానీకరణ వలన పోయింది కనుక.